కర్రా, వాకరా, రోలేటరా? నడకకు ఊతం ఎంచుకునేటప్పుడు హైదరాబాద్ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మల్కాజిగిరి, నాచారం, సైనిక్‌పురి వైపు ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయిస్తుంటాను. తలుపు తీయగానే చాలా ఇళ్లలో ఒకటే దృశ్యం: గోడకు ఆనించిన కొత్త వాకర్, దాని మీద ఆరేసిన తువ్వాలు. పిల్లలు ప్రేమతోనే కొన్నారు. కానీ కొనేముందు ఆ మనిషి నడకను, ఆ ఇంటి గడపలను ఎవరూ చూడలేదు. ఆ వాకర్‌తో పెద్దావిడ బాత్రూమ్ గుమ్మం దాటలేదు, అందుకే అది తువ్వాలుకు దండెం అయింది. ఇళ్లలో నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

మా నాన్నగారికి నడక తగ్గింది. కర్ర కొనాలా, వాకర్ కొనాలా?

ఏదీ కొనకముందు ఆయన నడుస్తుంటే పది నిమిషాలు చూడండి. ఆయనకు చెప్పకుండా చూడండి, చెబితే జాగ్రత్తగా నడుస్తారు. మంచం మీద నుంచి లేచి హాల్లోకి వచ్చేదాకా చేతులు ఎక్కడెక్కడ ఆనుతున్నాయో గమనించండి. డైనింగ్ టేబుల్, ఫ్రిజ్, గోడ ఇలా అన్నింటినీ పట్టుకుంటూ వస్తున్నారంటే ఆయన ఇప్పటికే ఊతం వాడుతున్నారన్నమాట. అవి ఉండాల్సిన చోట ఉండవు, అదే ఇబ్బంది.

నొప్పి ఒకే కాలికి ఉండి, నిలబడితే తూలకుండా ఉంటే మామూలు చేతికర్ర సరిపోతుంది. కర్ర ఒంటి బరువులో సుమారు 25 శాతం వరకే మోయగలదు. అంతకన్నా ఎక్కువ భారం దాని మీద వేయాల్సి వస్తోందంటే, మనిషి కర్ర మీదకి పూర్తిగా వంగిపోతున్నారంటే, కర్ర చాలదు. రెండు కాళ్లూ బలహీనంగా ఉన్నా, ఆపరేషన్ తర్వాత కాలి మీద బరువు వేయొద్దని డాక్టర్ చెప్పినా, పక్కలకు తూలుతున్నా వాకర్ కావాలి. కాళ్లలో బలం ఉంది, తూలడం లేదు, కానీ నాలుగు అడుగులకే ఆయాసం వచ్చి కూర్చోవాల్సి వస్తోందంటే చక్రాలు, బ్రేకులు, సీటు ఉన్న రోలేటర్ బాగుంటుంది. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పనిచేయకపోతే మామూలు వాకర్ కుదరదు, దాన్ని ఎత్తడానికి రెండు చేతులూ కావాలి. వాళ్లకు నాలుగు కాళ్ల కర్ర నప్పుతుంది.

ఇది మొదటి అంచనా మాత్రమే. చివరి మాట ఆయన్ని నడిపించి చూసిన ఫిజియోథెరపిస్ట్‌ది, డాక్టర్‌ది.

అంటే కర్ర కొనడానికి కూడా డాక్టర్‌కి చూపించాలా?

చూపించాలి. నడక ఎందుకు తగ్గిందో తెలియకుండా కర్ర కొంటే రోగం కర్ర వెనక దాక్కుంటుంది. లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటే బీపీ మాత్ర మోతాదు ఎక్కువైందేమో. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోయి ఉండొచ్చు. విటమిన్ బీ12 తక్కువై ఉండొచ్చు. మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకున్నా కాళ్లు బిగుసుకుపోయి నడక పాడవుతుంది. వీటిలో చాలావాటికి మందులో, చికిత్సో ఉన్నాయి.

ఒక విషయంలో మాత్రం ఆలోచిస్తూ కూర్చోవద్దు. ఉన్నట్టుండి ఒక కాలూ ఒక చెయ్యీ చచ్చుబడినా, మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా అవి పక్షవాతం గుర్తులు, వెంటనే 108కి ఫోన్ చేయండి. ‘‘కొంచెం పడుకుంటే తగ్గుతుంది’’ అని ఆగిన ఇళ్లలోనే నేను తర్వాత నెలల తరబడి నడక నేర్పిస్తున్నాను.

కుడి మోకాలు నొప్పి. కర్ర కుడి చేత్తోనే కదా పట్టుకోవాలి?

ఎడమ చేత్తో పట్టుకోవాలి. నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో కర్ర ఉండాలి. ఇంటింటికీ ఈ మాట చెబుతూనే ఉన్నాను, పదిమందిలో ఎక్కువమంది నొప్పి ఉన్న వైపే పట్టుకుని కనిపిస్తారు. సినిమాల్లో, సీరియళ్లలో పెద్దమనిషి పాత్రలు కూడా అలాగే పట్టుకుంటాయి, బహుశా అదే కళ్లకు అలవాటైంది.

కారణం తెలిస్తే మర్చిపోరు. నడుస్తున్నప్పుడు ఒక కాలు గాల్లో ఉన్న క్షణంలో ఒళ్లంతా రెండో కాలి మీదే ఉంటుంది. నడుము పక్కకు ఒరిగిపోకుండా ఆ వైపు తుంటి కండరాలు గట్టిగా బిగించి లాగుతాయి. ఒంటి బరువు, ఆ లాగుడు కలిసి తుంటి జాయింట్ మీద ఒంటి బరువుకు రెండున్నర, మూడు రెట్ల భారం పడుతుంది. ఎదురు చేతిలో కర్ర ఉంటే అది అటువైపు నుంచి నడుమును నిలబెడుతుంది, కండరం అంత లాగాల్సిన అవసరం తగ్గుతుంది, జాయింట్‌కి ఊరట దొరుకుతుంది. నొప్పి ఉన్న వైపే పట్టుకుంటే మనిషి అదే వైపు వాలిపోయి నొప్పి కాలి మీదే ఇంకా బరువు వేస్తారు. పైగా కాలూ చెయ్యీ ఎదురెదురుగా ఆడడమే మన సహజమైన నడక. మామూలుగా నడిచేటప్పుడు కుడి కాలు ముందుకు వెళ్తే ఎడమ చెయ్యి ఊగుతుంది. కర్రను ఆ ఊపులోనే కలిపేయాలి.

కర్ర, నొప్పి కాలు ఒకేసారి ముందుకు పడాలి. తర్వాత మంచి కాలు. మొదటి రెండు రోజులు ‘‘కర్రా కాలూ, తర్వాత ఇదీ’’ అని పక్కన ఎవరైనా తాళం వేసినట్టు చెబుతుంటే తొందరగా పట్టుబడుతుంది.

ఎత్తు ఎంత ఉండాలి? ఇంట్లో తాతయ్య కర్ర ఉంది, అది వాడొచ్చా?

మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. తాతయ్య పోయాక ఆయన టేకు కర్రను అమ్మమ్మకు ఇచ్చాం. ఆయన ఆరడుగుల మనిషి, ఆవిడ ఐదడుగులు కూడా లేదు. ఆయన గుర్తు కదా అని ఆవిడా ముచ్చటపడి పట్టుకుంది. ఏడాది తిరిగేసరికి భుజం నొప్పితో చెయ్యి పైకి ఎత్తలేకపోయింది. కర్ర ఎత్తుగా ఉంటే అడుగు అడుగుకీ భుజం పైకి లేస్తుందని అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది, ఆవిడ కొలతకు కోసి ఉంటే సరిపోయేది.

కొలత చాలా తేలిక. మనిషిని నిటారుగా నిలబెట్టి చేతులు వదులుగా కిందకి వేలాడదీయమనండి. కర్ర పిడి పైభాగం మణికట్టు దగ్గర మడత పడే గీతకు సమానంగా ఉండాలి. అలా పెట్టి పిడి పట్టుకుంటే మోచెయ్యి కొద్దిగా, 20 నుంచి 30 డిగ్రీలు, వంగుతుంది. ఆ వంపు ఉంటేనే చేత్తో కిందకి నొక్కే బలం వస్తుంది. వాకర్‌కీ, రోలేటర్‌కీ ఇదే కొలత.

మన ఇళ్లలో ఒక చిక్కుంది. ఇంట్లో ఉత్త కాళ్లతో తిరుగుతాం, బయటికి చెప్పులు వేసుకుంటాం. మందం చెప్పు అంగుళం పైనే ఉంటుంది. కర్ర ఎక్కువగా వాడేది ఇంట్లోనా, బయటా అని ముందు తేల్చుకుని అలాగే నిలబెట్టి కొలవండి. షుగర్ ఉన్నవాళ్లు ఎలాగూ ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి, వాళ్లకి కొలత చెప్పులతోనే. హవాయి చెప్పులు మాత్రం వద్దు, వెనక పట్టీ ఉన్నవి వాడండి.

అల్యూమినియం కర్రకు రంధ్రాలు, స్ప్రింగ్ బటన్ ఉంటాయి, ఎత్తు మార్చుకోవచ్చు. బటన్ రంధ్రంలోంచి పూర్తిగా బయటికి వచ్చి ‘టక్’ మనాలి. చెక్క కర్ర అయితే కొలత పెట్టి అడుగున కోయించి, కొత్త బుష్, అంటే అడుగున ఉండే రబ్బరు తొడుగు, తొడిగించండి. తాతయ్య కర్రనూ అలాగే వాడుకోవచ్చు.

గొడుగునే కర్రలా వాడుతున్నారు, పర్వాలేదా?

వద్దు. దాని మొన రాయి మీద జారుతుంది, ఊచ బరువుకు వంగుతుంది.

మూడు కాళ్ల కర్ర, నాలుగు కాళ్ల కర్ర ఇంకా గట్టి కదా? అదే కొనేస్తే పోలేదా?

అది తనంతట తాను నిలబడుతుంది, షాపులో చూస్తే భలే ధీమాగా అనిపిస్తుంది. కానీ దాని కాళ్లన్నీ ఒకేసారి నేల మీద ఆనితేనే ఆ ధీమా. మన గల్లీల్లో, ఎగుడుదిగుడు బండల మీద మూడు కాళ్లు ఆని నాలుగోది గాల్లో ఉంటుంది, చెయ్యి వేయగానే ‘టిక్’ మని ఒరుగుతుంది. వేగంగా నడిచేవాళ్లకీ ఇది నప్పదు. పక్షవాతం తర్వాత నెమ్మదిగా, చదునైన నేల మీద నడిచేవాళ్లకి చాలా మంచిది.

పట్టుకునే తీరు చూసుకోండి. బయటికి పొడుచుకొచ్చిన కాళ్లు మనిషికి బయటివైపు, చదునుగా ఉన్న వైపు ఒంటి వైపు ఉండాలి. తిరగేసి పట్టుకుంటే తమ కాలే దానికి తట్టుకుని పడతారు. చెయ్యి మార్చాల్సి వస్తే కింది భాగాన్ని కూడా తిప్పి బిగించాలి.

మడిచే సీటు ఉన్న కర్రలు కూడా ఇప్పుడు బాగా అమ్ముతున్నారు. క్యూలో కాసేపు కూర్చోవడానికి పనికొస్తాయి. తూలేవాళ్లకు మాత్రం అవి కొనకండి, కూర్చునే క్షణంలోనే అవి పక్కకు ఒరుగుతాయి.

వాకర్లలో ఏది తీసుకోవాలి? మా ఇల్లు చిన్నది.

ముందు టేపు తీసి గుమ్మాలు కొలవండి. మామూలు మడత వాకర్ వెడల్పు దాదాపు రెండు అడుగులు ఉంటుంది. పాత ఇళ్లలో బాత్రూమ్ తలుపు కూడా రెండు అడుగులే. అలాంటి చోట పెద్దవాళ్లు ఏం చేస్తారంటే, వాకర్‌ని అడ్డంగా తిప్పి పక్కకు పక్కకు జరుగుతూ దూరుతారు. లేదా బయటే వదిలేసి గోడ పట్టుకుంటారు. వాళ్లు పడేది ఆ క్షణంలోనే. గుమ్మం వెడల్పు కాగితం మీద రాసుకుని షాపుకి వెళ్లండి, సన్న వాకర్లూ దొరుకుతాయి. అవీ పట్టకపోతే గుమ్మం పక్క గోడకూ లోపలి గోడకూ పట్టుకునే కడ్డీలు బిగించి, వాకర్ వదిలిన చెయ్యి వెంటనే కడ్డీ అందుకునేలా ఏర్పాటు చేయాలి.

చక్రాలు లేని వాకర్ అన్నిటికన్నా గట్టిగా నిలుస్తుంది, కానీ ప్రతి అడుగుకీ ఎత్తి ముందు పెట్టాలి. చేతుల్లో, ఊపిరిలో ఆ శక్తి ఉండాలి. స్టీలు వాకర్ చూడ్డానికి మెరుస్తుంది గానీ బరువు, పెద్దవాళ్లకి అల్యూమినియం తీసుకోండి. ముందు రెండు చక్రాలు ఉన్నది తోసుకుంటూ వెళ్లొచ్చు, ఆపరేషన్ అయినవాళ్లలో చాలామందికి ఇది హాయిగా ఉంటుంది. నాలుగు చక్రాల రోలేటర్ మీద బరువు వేసి వాలితే అది ముందుకు పరుగెడుతుంది. అందుకే తూలేవాళ్లకి, బ్రేకు నొక్కడం గుర్తుండని మతిమరుపు ఉన్నవాళ్లకి అది ప్రమాదం. సీటు మీద కూర్చునేముందు రెండు బ్రేకులూ లాక్ చేయాలి. కూర్చోబెట్టి వీల్‌చైర్‌లా తోయకూడదు.

గడప మాట మర్చిపోవద్దు. పసుపు రాసి బొట్లు పెట్టే ఎత్తు గడప మన సింహద్వారానికి అందం. చిన్న చక్రాల వాకర్ మాత్రం దాన్ని దాటలేదు. ఇంటి లోపలి గుమ్మాలకు గడపలుంటే వాటికి అటూ ఇటూ వాలుగా చెక్క పెట్టించండి. సింహద్వారం గడప తీయనక్కర్లేదు, అక్కడ ఎవరో ఒకరు పక్కన ఉంటే చాలు.

వాడకంలో మూడు తప్పులు ప్రతి ఇంట్లో చూస్తాను. కుర్చీలోంచి లేచేటప్పుడు వాకర్‌ని పట్టుకుని లాక్కుంటూ లేస్తారు, అది మీదకి తిరగబడుతుంది. కుర్చీ చేతులను నొక్కుతూ లేచి, నిలబడ్డాకే వాకర్ అందుకోవాలి. రెండోది, వాకర్‌ని చాలా ముందుకు పెట్టి వంగి నడుస్తారు. మూడోది, దాని ముందు కడ్డీకి తగిలేదాకా లోపలికి అడుగేస్తారు. వాకర్, బలం లేని కాలు, మంచి కాలు, ఈ వరసలో చిన్న అడుగులు వేయాలి. మలుపు దగ్గర గిర్రున తిరగకుండా, నాలుగైదు బుల్లి అడుగులతో తిరగాలి.

మా పెదనాన్నకి పార్కిన్సన్స్. వాకర్ ఇస్తే అడుగు పడక అక్కడే ఆగిపోతున్నారు.

ఎత్తి పెట్టే వాకర్ వాళ్లకి చాలాసార్లు పనికిరాదు. ఎత్తడం, పెట్టడం, అడుగేయడం అనే మూడు పనుల మధ్య నడక తాళం తప్పి పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. ఆగకుండా తోసుకుంటూ వెళ్లే చక్రాల వాకర్, వేగం పెరగకుండా బ్రేకు ఉన్నది, ఎక్కువగా నప్పుతుంది. నేల మీద అడుగు దూరానికి ఒకటి చొప్పున అడ్డంగా రంగు టేపులు అంటించి చూడండి, ఆ గీతల్ని దాటమంటే ఆగిన కాలు కదులుతుంది. ‘‘తొందరగా రా’’ అని మాత్రం అనకండి, టెన్షన్ పెరిగితే కాలు ఇంకా బిగుసుకుంటుంది. మందు వేసుకున్నాక ఎంతసేపటికి నడక బాగుంటోందో రాసి న్యూరాలజిస్ట్‌కి చూపించండి. వాకర్ ఎంపిక ఆ తర్వాతే.

కాలు విరిగింది, ఆరువారాలు చంక కర్రలు వాడమన్నారు. చంకలు మంట పుడుతున్నాయి.

బరువు చంకల మీద వేస్తున్నారు, అందుకే. బరువంతా అరచేతుల మీదే ఉండాలి. కర్ర పైభాగానికీ చంకకీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టే సందు ఉండాలి. చంకలో నరాలు ఉంటాయి, వాటిని రోజుల తరబడి నొక్కితే మణికట్టు పైకి లేవకుండా చెయ్యి వేలాడిపోయే ప్రమాదం ఉంది. చేతిలో తిమ్మిరి మొదలైతే వెంటనే ఎత్తు సరిచేయించండి. ఎక్కువకాలం వాడాల్సినవాళ్లకి, చిన్నప్పుడు పోలియో వచ్చినవాళ్లకి ముంజేతికి పట్టీ ఉండే ఎల్బో క్రచెస్ మేలు.

మెట్లు ఎలా ఎక్కాలి?

ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. కర్ర ఎప్పుడూ నొప్పి కాలితోనే కదులుతుంది. ‘మంచిది పైకి, చెడ్డది కిందకి’ అని గుర్తుపెట్టుకోండి. రెయిలింగ్ ఉంటే ఒక చెయ్యి దాని మీదే ఉండాలి. వాకర్‌తో మెట్లు ఎక్కకూడదు. అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఆగిపోయినప్పుడు ఏం చేయాలో ముందే అనుకుని, కింద ఒకటి పైన ఒకటి కర్ర పెట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు. మంచి ఆలోచన.

బాత్రూమ్‌లోకి కర్ర తీసుకెళ్లాలా?

తీసుకెళ్లాలి, కానీ తడి టైల్స్ మీద కర్రను నమ్మకూడదు. అక్కడ గోడకు స్క్రూలతో బిగించిన కడ్డీయే ఊతం. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసేచోట ఒకటి. తువ్వాలు వేసే రాడ్డు, కుళాయి, వాష్ బేసిన్ మనిషి బరువుకు ఊడి వస్తాయి. గాలి పట్టుతో అంటుకునే కడ్డీలు కూడా వద్దు. కూర్చుని స్నానం చేయడానికి రబ్బరు కాళ్లున్న ప్లాస్టిక్ కుర్చీ పెట్టండి. పాత తాండూరు బండల నేల అరిగి నున్నబడి ఉంటే, దాని మీద సబ్బు నీళ్లు పడితే యువకులే జారతారు. రాత్రిపూట మంచం నుంచి బాత్రూమ్ దాకా చిన్న లైటు వెలుగుతూ ఉండాలి, కర్ర మంచం మీద నుంచే అందాలి. నైటీ అంచు, చీర కుచ్చిళ్లు, లుంగీ చీలమండ పైకి ఉండేలా చూసుకోండి.

ఎక్కడ కొనాలి? షాపులో ఏం చూడాలి?

కోఠి, సుల్తాన్ బజార్ చుట్టుపక్కల సర్జికల్ షాపులు చాలా ఉన్నాయి, రకాలన్నీ ఒకేచోట చూడొచ్చు. పెద్ద ఆసుపత్రుల ఎదుట ఉండే షాపుల్లోనూ దొరుకుతాయి. వీలైతే వాడే మనిషిని వెంట తీసుకెళ్లండి. కోఠి రద్దీలో ఆ మనిషిని దింపడమే కష్టం, నిజమే. తీసుకెళ్లలేకపోతే కొలతలు రాసుకుని వెళ్లండి: నేల నుంచి మణికట్టు గీత వరకు ఎత్తు, గుమ్మం వెడల్పు, ఒంటి బరువు. వస్తువు ఎంత బరువు మోస్తుందో దాని మీద రాసి ఉంటుంది, మనిషి బరువు దానికి బాగా లోపల ఉండాలి.

చేతికర్ర వందల్లో వస్తుంది, రోలేటర్ వేలల్లో ఉంటుంది. ధర ఎక్కువైతే ఊతం ఎక్కువని లెక్క కాదు. షాపులోనే కర్రను నేలకి గట్టిగా నొక్కి చూడండి, జాయింట్ దగ్గర గలగలమంటే వద్దు. వేళ్ల నొప్పులు, కీళ్లవాతం ఉన్నవాళ్లకి గుండ్రటి వంపు పిడి కన్నా అరచెయ్యి పరుచుకునే వెడల్పు పిడి మంచిది. మీరు కూడా పట్టుకుని పది అడుగులు నడవండి, అరచేతికి ఎక్కడ గుచ్చుకుంటుందో తెలుస్తుంది.

ఆన్‌లైన్‌లో కొనడం తప్పేమీ కాదు, ముందు ఫిజియోథెరపిస్ట్ ఏ రకం, ఎంత ఎత్తు అన్నది చెప్పాక కొనండి. మోకాలి ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలకే కావాలంటే వాకర్ అద్దెకి తీసుకోవచ్చు, నగరంలో అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. అద్దె వాకర్‌కి బుష్‌లు అరిగాయేమో తిరగేసి చూసి మరీ తీసుకోండి.

ప్రైవేటుగా చూపించుకోలేనివాళ్లు గాంధీ, ఉస్మానియా, నిమ్స్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఫిజియోథెరపీ విభాగాల్లో చూపించుకోవచ్చు.

ప్రభుత్వం ఉచితంగా ఇస్తుందా?

ఇస్తుంది, కానీ రెండు పథకాలు వేరు వేరు. అవి కలగలిపి అడిగితే ఆఫీసులో తిప్పి పంపుతారు.

అరవై ఏళ్లు దాటినవాళ్లకి రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. 2017లో మన పక్క రాష్ట్రంలోని నెల్లూరులోనే మొదలైంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు, లేదా నెలకు 15,000 రూపాయల లోపు ఆదాయం ఉండి వయసు వల్ల నడకో, చూపో, వినికిడో తగ్గినవాళ్లు అర్హులు. చేతికర్ర, వాకర్, ఎల్బో క్రచెస్, మూడు నాలుగు కాళ్ల కర్రలు, వీల్‌చైర్ ఉచితంగా ఇస్తారు. దీనికి వికలాంగ సర్టిఫికెట్ అవసరం లేదు.

రెండోది వికలాంగులకు ఊతాలు, పరికరాలు ఇచ్చే ఏడిప్ పథకం, 1981 నుంచి ఉంది. దీనికి 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. మనవాళ్లు ఇంకా ‘సదరం సర్టిఫికెట్’ అనే అంటారు, ఇప్పుడు దేశమంతటా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ, ఉంది. నెల ఆదాయం 22,500 రూపాయల వరకు ఉంటే పూర్తిగా ఉచితం, 30,000 వరకు ఉంటే సగం ధర. రెండు పథకాల్లోనూ వస్తువులు ఎక్కువగా అలిమ్‌కో తయారుచేసినవే. కాన్పూర్‌లో 1972లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది.

ఇవి క్యాంపులు పెట్టి కొలతలు తీసుకుని, తర్వాత పంచుతారు, కాబట్టి ఆలస్యం అవుతుంది. మలక్‌పేటలో వికలాంగుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయం ఉంది, క్యాంపుల సంగతి అక్కడ అడగండి. పెద్దవాళ్ల కోసం 14567 టోల్‌ఫ్రీ నంబర్ ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ క్యాంపు వచ్చేదాకా మనిషిని మంచం మీదే ఉంచకండి, ఈలోపు ఒక మామూలు కర్రైనా కొనండి. ఉచితంగా వచ్చిన వస్తువుకు కూడా ఎత్తు సరిచేయించుకోవాలి. చాలామంది ఇచ్చింది ఇచ్చినట్టే వాడేస్తారు.

మా బాపు కర్ర పట్టుకోనంటున్నాడు. బలవంతం చేయాలా?

బలవంతం చేస్తే మీ ముందు పట్టుకుని, మీరు ఆఫీసుకి వెళ్లగానే మూలన పెడతాడు. ఆయన వద్దంటున్నది కర్రను చూసి మాత్రమే అనుకోకండి. రేపటి నుంచి గల్లీలో అందరూ ‘‘ఏమైంది అన్నా?’’ అని అడుగుతారు కదా, ఆ ప్రశ్నకు భయపడుతున్నాడు.

ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయనకి నేను నెలరోజులు చెప్పాను. వినలేదు. ఒకరోజు మాటల్లో, బస్సులో నిలబడ్డవాళ్లను ఏమనేవారని అడిగాను. ‘‘రాడ్ పట్టుకోండమ్మా, బ్రేక్ వేస్తే పడతారు అని రోజుకి వందసార్లు అరిచేవాణ్ణి’’ అన్నాడు. రాడ్ పట్టుకున్నవాళ్లందరూ ముసలివాళ్లేనా అని అడిగితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు కర్ర పట్టుకుని గేటు దాకా వచ్చాడు. నేను చెప్పిన తుంటి లెక్కలేవీ ఆయనకి పనిచేయలేదు, తన అనుభవమే పనిచేసింది. మీ బాపు జీవితంలోనూ అలాంటిది ఒకటి ఉంటుంది, వెతకండి.

కర్ర ఆయన్నే ఎంచుకోనివ్వండి. ఆసుపత్రి వస్తువులా కనిపించే అల్యూమినియం కన్నా నగిషీ ఉన్న చెక్క కర్ర ఇష్టపడితే అదే కొనండి, కొలత సరిగ్గా ఉంటే చాలు. మొదట తెల్లవారుజామున, గల్లీ నిద్రలేవకముందు పార్కులో వాడమనండి. అదే వయసు స్నేహితుడు ఎవరైనా కర్రతో నడుస్తుంటే ఇద్దరినీ కలపండి. ‘‘పట్టుకో, పడతావ్’’ అనే మాట ఇంట్లో ఎవరూ అనొద్దు. ఒకసారి పడి తుంటి విరిగిందంటే ఆపరేషన్, నెలల మంచం. ఆ మాట ఒక్కసారి, నెమ్మదిగా, ఆయన పక్కన కూర్చుని చెప్పండి.

కర్రతో మెట్రోలో, బస్సులో వెళ్లగలమా?

మెట్రో మేలు. స్టేషన్లలో లిఫ్టులున్నాయి, ఏ వైపు దిగితే లిఫ్ట్ దగ్గరో ముందే తెలుసుకోండి. కర్ర, వాకర్ ఉన్నవాళ్లు ఎస్కలేటర్ ఎక్కొద్దు. రైలు పూర్తిగా ఆగాక, జనం దిగాక ఎక్కండి. కష్టమంతా స్టేషన్ బయటే మొదలవుతుంది. ఫుట్‌పాత్ మీద బండ్లు, పైకి లేచిన మ్యాన్‌హోల్ మూతలు, మోరీ మీద ఊగే బండలు. ఈ నగరంలో కర్రతో నడిచేవాళ్లకి రోడ్డు దాటడం ఒక పరీక్ష, ఇది చక్కబడాలని కార్పొరేషన్‌కి మనమందరం అడుగుతూనే ఉండాలి.

సిటీ బస్సు మొదటి మెట్టు ఎత్తు. మంచి కాలు ముందు వేసి, ఒక చేత్తో రాడ్ పట్టుకుని, కర్ర వెనకవాళ్లకి అందించి ఎక్కండి. ఆటోలో అయితే ముందు వీపు సీటు వైపు పెట్టి కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకోవాలి. శంషాబాద్ నుంచి విమానంలో వెళ్లేవాళ్లు టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ కావాలని చెబితే విమాన సంస్థ ఏర్పాటు చేస్తుంది. సొంత కర్ర వెంటే ఉంచుకోవచ్చు.

గుడిలోకి కర్ర తీసుకెళ్తే అపచారమా?

చెప్పులతో పాటు కర్ర కూడా బయట వదిలి, తడి మెట్ల మీద కొడుకు భుజం పట్టుకుని ఎక్కే పెద్దవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. సంచిలో తడిగుడ్డ పెట్టుకోండి, గుడి ముందు కర్ర అడుగు తుడవండి, లోపలికి తీసుకెళ్లండి. మనసు ఒప్పకపోతే గుడికీ పూజగదికీ వేరే కర్ర ఉంచుకోండి.

మా అత్తయ్యకి చూపు కూడా తక్కువ. తెల్ల కర్ర కొనాలా?

తెల్ల కర్ర దారి తడిమి తెలుసుకోవడానికి, దాని మీద బరువు వేస్తే వంగిపోతుంది. నడకకు ఊతం కూడా కావాలంటే బరువు మోసే కర్ర వేరే ఉండాలి. ఈ రెండూ కలిపి వాడడం శిక్షణ ఇచ్చేవాళ్ల దగ్గర నేర్చుకోవాలి.

కర్ర ఉన్నా పడిపోతే ఏం చేయాలి?

చంకల కింద చేతులు వేసి ఒక్కసారిగా లేపకండి. ఎక్కడ నొప్పిగా ఉందో అడగండి. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపించినా, తలకి దెబ్బ తగిలినా, లేవలేకపోతున్నా కదపకుండా 108 పిలవండి. ఏమీ లేకపోతే పక్కకి తిప్పి, మోకాళ్ల మీదికి తెచ్చి, గట్టి కుర్చీ ముందు పెట్టి, దాని మీద చేతులు ఆనించి తనే లేచేలా సాయం చేయండి. ఆ రోజే కర్ర ఎత్తు, బుష్, పడిన చోటు మూడూ చూడండి.

బుష్ ఎప్పుడు మార్చాలి?

అడుగున ఉండే రబ్బరు బుష్‌కి గీతలు ఉంటాయి, అవి అరిగి నున్నగా అయితే మార్చాలి. ఒకవైపే అరిగితే మనిషి కర్రను పక్కకి వాలుగా పెడుతున్నట్టు, అప్పుడు ఎత్తు కూడా మళ్లీ కొలవాలి. వానాకాలంలో బయటి నుంచి రాగానే బుష్ తుడవండి, తడి రబ్బరు టైల్స్ మీద జారుతుంది. కర్ర అడుగు కొలత చూపించి బుష్ కొనాలి, వదులుగా ఉంటే ఊడి, లోపలి లోహం నేలకి తగులుతుంది. కొత్తది తొడిగాక కర్రను నేలకి నాలుగుసార్లు గట్టిగా కొట్టి చూడండి. చివరిదాకా కూర్చుంటే మెత్తటి చప్పుడు వస్తుంది. కొనేటప్పుడే రెండు కొని, ఒకటి మాత్రల డబ్బాలో పడేయండి.